పడుకుంటే పెరిగిన తలనొప్పి: ఒక బాలింత కేసు

"రాత్రుళ్ళు తొంగోడం నేదు బాబూ. గోడకి జేరబడి కూకుంటంది."

ఆ అమ్మాయి తల్లి నాతో ఈ మాట అన్నది మే నెలలో ఒక సోమవారం ఉదయం. బయట ఓపీ వరస మెట్ల దాకా ఉంది. ఆమె మాటని నేను 'నిద్ర పట్టడం లేదు' అని విన్నాను. పది రోజుల పసిబిడ్డ ఉన్న ఇంట్లో తల్లికి నిద్రెక్కడిది అనుకున్నాను. ఆవిడ చెప్పింది వేరు. కూతురు నడుం వాల్చలేకపోతోందని చెప్పింది. పడుకోవడం అన్నా, మా వైపు మాటలో తొంగోవడం అన్నా రెండు అర్థాలూ వస్తాయి, నిద్రపోవడం, ఒళ్ళు వాల్చడం. నేను సులువైన అర్థం తీసుకుని పారాసెటమాల్ రాసి పంపాను. రెండు రోజుల తర్వాత, బుధవారం తెల్లవారుజామున ఆ అమ్మాయికి ఫిట్స్ వచ్చాయి.

నేను టెక్కలిలో పన్నెండు పడకల నర్సింగ్ హోమ్ నడిపే జనరల్ ఫిజీషియన్‌ని. న్యూరాలజీ నా సబ్జెక్టు కాదు. సీటీ స్కాన్ కావాలంటే 50 కిలోమీటర్ల దూరంలోని శ్రీకాకుళం పంపుతాను. న్యూరాలజిస్టు చూడాలంటే విశాఖే, 150 కిలోమీటర్లు పైమాట. ఈ కేసులో మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవి ఉన్నవి ఉన్నట్టే రాశాను, నా పొరపాటుతో సహా.

సోమవారం వరకు

వయసు 23. తొలి కాన్పు. పురిటికి ఉద్దానం వైపున్న పుట్టింటికి వచ్చింది. భర్త హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని. గర్భంతో ఉన్నన్నాళ్ళూ తల్లీబిడ్డల కార్డులో బీపీ ఒక్కసారి కూడా 120/80 దాటలేదు. హిమోగ్లోబిన్ మాత్రం చివరి నెలలో 8.6. ఐరన్ మాత్రలు ఇచ్చారు, వేసుకుంటే వికారమని సగం రోజులు మానేసింది.

నొప్పులు వచ్చి కాన్పు ముందుకు సాగకపోవడంతో ఆపరేషన్ చేశారు, వెన్నుకి మత్తు ఇచ్చి. రెండో రోజు తలనొప్పి మొదలైంది. లేచి కూర్చుంటే మెడ వెనక నుంచి నుదుటి దాకా లాగేస్తుంది, వెల్లకిలా పడుకుంటే పది నిమిషాల్లో తగ్గిపోతుంది. ఇది వెన్ను మత్తు తర్వాత వచ్చే తలనొప్పి అని ఆపరేషన్ చేసినవాళ్ళు చెప్పారు, సరిగ్గానే చెప్పారు. సూది గుచ్చిన చోట నుంచి మెదడు చుట్టూ ఉండే నీరు కాస్త కాస్తగా కారిపోయి లోపలి ఒత్తిడి తగ్గుతుంది. నిలబడితే మెదడు కిందికి జారినట్టయి పొరలు లాగుతాయి. పడుకోండి, నీళ్ళు బాగా తాగండి, కాఫీ తాగండి అన్నారు. ఐదో రోజుకి దాదాపు తగ్గింది, ఇంటికి వచ్చేసింది.

ఇంట్లో పథ్యం మొదలైంది. మా ప్రాంతం తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పాత బియ్యం అన్నం, వెల్లుల్లి కారం, కాయం ముద్ద, ఎండు నెత్తళ్ళు. చెవుల్లో దూది, తలకి గుడ్డ, కిటికీ మూసిన గది, పక్కన సాంబ్రాణి పొగ. నీళ్ళు మాత్రం రోజుకి రెండు గ్లాసులు, అవీ వాము వేసి కాచినవి. పచ్చి నీళ్ళు తాగితే బాలింతకి పొట్ట జారుతుందని, కుట్లు చీము పడతాయని, పాలు తాగే బిడ్డకి జలుబు చేస్తుందని నమ్మకం. మే నెల ఉక్కలో, పాలిచ్చే తల్లికి, రెండు గ్లాసులు.

ఎనిమిదో రోజు తలనొప్పి మళ్ళీ వచ్చింది. పదో రోజు నా దగ్గరికి వచ్చారు.

నా ఓపీ చీటీలో ఆ రోజు రాసింది నాలుగే ముక్కలు: సిజేరియన్ పదో రోజు, స్పైనల్ తర్వాత తలనొప్పి, బీపీ 124/80, జ్వరం లేదు. పారాసెటమాల్, కెఫీన్ కలిసిన మాత్ర, విశ్రాంతి. మనిషిని చూడటానికి నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. పాత చీటీలో పేరున్న జబ్బు కనబడింది, కొత్త తలనొప్పికి అదే పేరు తగిలించాను. వెన్ను మత్తు తలనొప్పి దాదాపుగా మొదటి ఐదు రోజుల్లోనే మొదలవుతుంది. దాదాపు తగ్గిపోయి మూడు రోజుల తర్వాత తిరగబెట్టిందంటే అక్కడే ఆగి ఆలోచించాలి. అంతకంటే ముఖ్యంగా దాని స్వభావం తిరగబడింది. ముందు కూర్చుంటే పెరిగేది, ఇప్పుడు పడుకుంటే పెరుగుతోంది. తెల్లవారుజామున ఎక్కువ. దగ్గితే తల పగిలిపోతున్నట్టు ఉందట. వంగి బిడ్డని తీయబోతే కళ్ళ ముందు ఒక్క క్షణం మసక. రెండుసార్లు వాంతి. ఇవన్నీ బుధవారం అడిగితే చెప్పారు. సోమవారం నేను అడగలేదు.

పడుకుంటే తగ్గే తలనొప్పికి లోపల ఒత్తిడి తక్కువై ఉండొచ్చు. పడుకుంటే పెరిగేదానికి లోపల ఒత్తిడి ఎక్కువై ఉండొచ్చు. ఈ రెండు ముక్కలూ మెడికల్ కాలేజీలో చదివినవే. ఆ తల్లి రెండో ముక్కని శ్రీకాకుళం మాటలో నా ముందు పెట్టింది.

బుధవారం తెల్లవారుజాము

5:40కి ఫిట్స్. సమయం కచ్చితంగా తెలియడానికి కారణం ఆమె తమ్ముడు. ఇంటర్ చదివే కుర్రాడు. అందరూ అరుస్తుంటే వాడు ఫోన్‌లో వీడియో తీశాడు. ఇంట్లో వాళ్ళు ఆ తర్వాత వాణ్ణి తిట్టారు, అక్క అలా కొట్టుకుంటుంటే వీడియో తీస్తావా అని. నేను మాత్రం వాడి భుజం తట్టాను. ఆ 40 సెకన్ల వీడియో ఆ ఉదయం నాకు దొరికిన అన్ని పరీక్షల కంటే ఎక్కువ చెప్పింది. ముందు ఎడమ బొటనవేలు ఎగురుతోంది. తర్వాత ఎడమ చెయ్యి. తర్వాత మూతి ఎడమకి లాగింది, తల ఎడమకి తిరిగింది. ఆ తర్వాతే ఒళ్ళంతా బిగుసుకుని కొట్టుకుంది. అంటే మంట రాజుకున్న చోటు మెదడు కుడివైపు, చేతిని నడిపే భాగం దగ్గర.

వీడియోలో ఇంకా కొన్ని కనబడ్డాయి. ఒకరు తాళాల గుత్తి కుడిచేతిలో కుక్కుతున్నారు. ఇంకొకరు ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెడుతున్నారు. మూడో ఆవిడ స్టీలు గరిటె పళ్ళ మధ్య దూరుస్తోంది. తాళాల వల్ల నష్టమేమీ లేదు, లాభమూ లేదు. ఫిట్స్ మామూలుగా రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి, ఆ సమయానికి చేతిలో ఏది ఉంటే దానికి పేరొస్తుంది. గరిటె మాత్రం ఆ అమ్మాయి ముందు పన్ను విరగ్గొట్టింది. విరిగిన ముక్క ఊపిరితిత్తుల్లోకి వెళ్ళకపోవడం అదృష్టం. పక్కకి తిప్పి పడుకోబెట్టడం, తల కింద మెత్తగా ఏదైనా పెట్టడం, గడియారం చూడటం. ఆ రెండు నిమిషాల్లో ఇంట్లోవాళ్ళు చెయ్యగలిగింది అంతే. ఐదు నిమిషాలు దాటినా, మధ్యలో తెలివి రాకుండా రెండోసారి వచ్చినా ఇక క్షణం ఆగకూడదు. ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. బాలింతకి ఫిట్స్ వస్తే ఐదు నిమిషాలు చూద్దాం అనే లెక్కే లేదు, మొదటిసారికే 108కి ఫోన్ చెయ్యాలి.

ఫిట్స్ ఆగాక 'బాలింత గుణం' అన్నారు కొందరు. గాలి సోకింది అన్నారు ఇంకొందరు. విబూది పెట్టే ఆయన్ని లేపడానికి ఒకరు వెళ్ళారట, ఆయన ఊళ్ళో లేడు. ఆటోలో వేసుకుని 6:25కి మా దగ్గరికి వచ్చారు.

బల్ల మీద పడుకోబెడుతుండగానే రెండోసారి వచ్చింది. పక్కకి తిప్పాం, నోట్లో నురగ తీశాం, ఆక్సిజన్ పెట్టాం. సిస్టర్ సూది గుచ్చుతూనే వేలి రక్తంతో షుగర్ చూసింది, 112. ఫిట్స్ వచ్చినా, పక్షవాతంలా కనబడినా, తెలివి తప్పినా మా దగ్గర ముందు షుగరే చూస్తాం. లో షుగర్ అచ్చం పక్షవాతంలా నటించగలదు, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు మరీను. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళు పాత షుగర్ మాత్రలు అలాగే వేసుకుంటూ ఉంటే మందు ఒంట్లోంచి పోక షుగర్ పడిపోతుంది. ఈ అమ్మాయికి అది కాదు. లోరజెపామ్ 2 మిల్లీగ్రాములు నరంలోకి ఇచ్చాం, ఆగలేదు, ఇంకో 2 ఇస్తే ఆగింది. గడియారం ప్రకారం ఈ రెండో ఫిట్ నాలుగు నిమిషాలు.

బీపీ 146/92.

ఇక్కడ అసలు చిక్కు. కాన్పు తర్వాత ఆరు వారాల లోపు ఫిట్స్ వచ్చిన స్త్రీకి మొదట అనుమానించాల్సింది ఎక్లాంప్సియా, అంటే గర్భిణులకీ బాలింతలకీ బీపీ పెరిగి వచ్చే ఫిట్స్, మన పెద్దలు గుర్రపువాతం అనేది. ఎక్కువగా కాన్పు ముందో, కాన్పైన 48 గంటల్లోపో వస్తుంది, కానీ ఆలస్యంగా వచ్చేవీ ఉన్నాయి. దానికి మందు మెగ్నీషియం సల్ఫేట్, ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది. మరి ఈమెకి అదేనా? ఫిట్స్ కొట్టుకుంటున్నప్పుడు ఎవరికైనా బీపీ పెరుగుతుంది, పది నిమిషాల తర్వాత చూస్తే 128/80కి దిగింది. కాళ్ళకి వాపు లేదు. మూత్రంలో ప్రొటీన్ లేదు. ఎక్లాంప్సియా ఫిట్స్ సాధారణంగా ఒళ్ళంతా ఒకేసారి పట్టుకుంటాయి, ఒక బొటనవేలి దగ్గర మొదలై పాకవు.

అయినా మెగ్నీషియం ఇచ్చాను. విశాఖలో ఉన్న నా బ్యాచ్‌మేట్, గైనకాలజిస్టు, ఫోన్ ఎత్తి వీడియో చూసి, "నాకూ ఎక్లాంప్సియా అనిపించట్లేదు, కానీ దారిలో మళ్ళీ వస్తే నువ్వు ఇవ్వనందుకు బాధపడతావ్, లోడింగ్ ఇచ్చెయ్" అంది. లోడింగ్ అంటే మొదటి పెద్ద డోసు. 4 గ్రాములు పలచన చేసి నరంలో పావుగంట పాటు ఇచ్చాం. అప్పటికే లోరజెపామ్ పడి ఉంది కాబట్టి ఊపిరి లెక్క తప్పకుండా చూశాం, మోకాలి దగ్గర సుత్తితో కొట్టి కాలు ఎగురుతోందో లేదో చూస్తూ ఉన్నాం. దాంతోపాటు పిరుదుల్లో వేసే 10 గ్రాములు ఆపాం. మెగ్నీషియం బయటికి పోయేది కిడ్నీల గుండానే, ఉద్దానంలో క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష, చూడకుండా రెండో డోసు మాట ఎత్తను. అది 40 నిమిషాల్లో వచ్చింది, 0.8, మామూలే. ఫిట్స్ మళ్ళీ రాకుండా లెవెటిరాసెటామ్ 1500 మిల్లీగ్రాములు సెలైన్‌లో ఎక్కించాం. ఇలాంటి చోట ఒకే జబ్బుకి కట్టుబడి కూర్చునే తీరిక ఉండదు. ప్రాణం తీసేదానికి వైద్యం ఇస్తూనే రెండోదాని కోసం వెతకాలి.

ఏడు గంటలకి కళ్ళు తెరిచింది. పేరు చెప్పింది, రోజు తప్పు చెప్పింది. ఎడమ చెయ్యి పైకెత్తగలిగింది కానీ నేను కాస్త నొక్కితే నిలపలేకపోయింది. ఎడమ కాలు కొంచెం మెరుగు. ఫిట్స్ తర్వాత కొన్ని గంటలు, ఒక్కోసారి ఒకరోజు పైగా కూడా చెయ్యి పడిపోయి తనంతట తనే కోలుకోవడం ఉంది, దాన్ని టాడ్స్ పెరాలిసిస్ అంటాం. అది అనుకుని సరిపెట్టుకోవచ్చు. కానీ అప్పుడు తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, ఈసారి తొందర లేకుండా, మొదటి నుంచి అడిగాను. "నిన్నటి నుంచీ గుంటని ఎడం చేత్తో ఎత్తుకోడానికి జంకుతంది బాబూ. పడేత్తానేమో అంది." ఫిట్స్‌కి ముందు రోజే చెయ్యి బలహీనపడింది. అయితే ఇది ఫిట్స్ మిగిల్చిన నీరసం కాదు. చేతిని పాడుచేస్తున్నదే ఫిట్స్‌నీ తెచ్చింది.

కంటి లోపల చూసే ఆఫ్తాల్మోస్కోప్ సొరుగు అడుగున పడి ఉంటే తీశాను. బ్యాటరీలు చచ్చిపోయి ఉన్నాయి, గోడ గడియారంలోవి తీసి వేశాం. రెండు కళ్ళలోనూ నరం మొదలయ్యే లేతరంగు చుట్టు అంచు చెరిగిపోయి, ఉబ్బి ఉంది. పుర్రె లోపల ఒత్తిడి పెరిగిందనడానికి ఇంతకంటే చవకైన సాక్ష్యం లేదు. సోమవారం చూసి ఉంటే అప్పుడూ కనబడేదేమో.

ధమని, సిర

తమ్ముడు అడిగాడు: "సార్, పక్షవాతమైతే నాలుగున్నర గంటల్లో ఇంజెక్షన్ ఇవ్వాలంట కదా? టైమ్ అయిపోతాదా?" చదువుకున్న పిల్లవాడు, సరైన ప్రశ్న. మూతి వంకర, చెయ్యి జారడం, మాట తడబడటం క్షణంలో వచ్చిపడితే ఆ లెక్క వర్తిస్తుంది. మెదడుకి రక్తం తెచ్చే ధమనిలో గడ్డ అడ్డుపడితే ఆ భాగం నిమిషాల్లో చచ్చిపోవడం మొదలవుతుంది, అందుకే చివరిసారి బాగున్నది ఎప్పుడో అడుగుతాం, అందుకే పరుగు. వాళ్ళ అక్కకి వచ్చింది అది కాదని నా అనుమానం. నాలుగు రోజుల తలనొప్పి, ముందు రోజు చేతి నీరసం, ఆ పైన ఫిట్స్. ఇంత నింపాదిగా నడిచేది సాధారణంగా సిరల జబ్బు. మెదడు నుంచి రక్తాన్ని వెనక్కి తీసుకెళ్ళే సిరల్లో గడ్డ కట్టడం, సెరెబ్రల్ వీనస్ థ్రాంబోసిస్, మేం సీవీటీ అంటాం.

బాలింతలకి ఇది రావడానికి ఒక కారణం ఉండదు, అన్నీ ఒకచోట కూడతాయి. కాన్పులో రక్తం పోకుండా ఒళ్ళే రక్తాన్ని గడ్డకట్టే గుణం వైపు మారుస్తుంది, ఆ గుణం కాన్పయ్యాక కూడా కొన్ని వారాలు ఉంటుంది. రక్తహీనత ఒక కారణం. ఆపరేషన్ ఒకటి. వెన్ను నీరు కారి ఒత్తిడి తగ్గినప్పుడు సిరలు ఉబ్బి రక్తం నెమ్మదిస్తుంది, అదొకటి. అంటే మొదటి తలనొప్పి అబద్ధం కాదు, రెండోదానికి అదే దారి చూపి ఉండొచ్చు. వీటన్నిటి మీద ఒంట్లో నీళ్ళు ఎండిపోయి రక్తం చిక్కబడింది. మన దేశంలో బాలింతల సీవీటీ గురించి మాట్లాడిన చాలాచోట్ల ఈ నీళ్ళ పథ్యం మాట వస్తుంది.

సెలైన్ పెట్టాం. రిఫరల్ ఉత్తరం రాశాను. దీని మీద రెండు ముక్కలు చెప్పనివ్వండి, ఎందుకంటే చిన్న ఊళ్ళో వైద్యుడి చేతిలో మిగిలే అతి పెద్ద మందు ఆ కాగితమే. 'ఫిట్స్, పై ఆసుపత్రికి పంపుతున్నాం' అని రాస్తే అవతలి డ్యూటీ డాక్టర్ మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడతాడు. నేను రాసింది: ఎడమ బొటనవేలి దగ్గర మొదలైన ఫిట్స్, రెండు, ఏ సమయానికి ఎంతసేపు, ఏ మందు ఎన్ని గంటలకి ఎంత ఇచ్చాం, ఫిట్స్‌కి ముందు రోజు నుంచే ఎడమ చెయ్యి నీరసం, తలనొప్పి పడుకుంటే పెరుగుతోంది, కంటి నరం వాపు, సీవీటీ అనుమానం, ఎంఆర్ఐ తీస్తే వీనోగ్రామ్‌తో సహా తీయండి. చివరి ముక్క కింద గీత గీశాను. మామూలు ఎంఆర్ఐ అని రాస్తే సిరల్ని విడిగా చూడకుండానే ఫిల్ము ఇచ్చేస్తారు. వీడియో అవతలి వాళ్ళ ఫోన్‌కి కూడా పంపించాను.

7:50కి 108లో బయల్దేరారు. శ్రీకాకుళంలో సీటీ తీయించుకుని విశాఖ వెళ్ళేలా మాట్లాడాం. సీటీ అవసరమా, నేరుగా వెళ్ళిపోతే గంట కలిసొచ్చేది కదా అని ఇప్పటికీ అప్పుడప్పుడూ అనిపిస్తుంది. సీవీటీ ఉన్నా మామూలు సీటీ ఏమీ చూపించకపోవడం మామూలే. కానీ లోపల పెద్ద రక్తస్రావం ఉంటే ఇంకో 100 కిలోమీటర్ల పైన ప్రయాణంలో ఏం జరుగుతుందో తెలిసి పంపాలనుకున్నాను. సీటీలో కుడివైపు చిన్న రక్తపు మచ్చ, చుట్టూ వాపు కనబడ్డాయి. నడినెత్తిన వెళ్ళే పెద్ద సిర వెనక భాగంలో మామూలు కంటే తెల్లగా ఒక త్రికోణం. ఫోన్‌లో ఫిల్ము చూడగానే నాకు సగం ఊపిరి వచ్చింది, జబ్బు చిన్నదని కాదు, దారి తప్పలేదని.

గట్టు, తూము

మధ్యాహ్నం ఒంటిగంటకి విశాఖ చేరారు. మూడింటికి వీనోగ్రామ్. నడినెత్తి పెద్ద సిరలోనూ, కుడిపక్క సిరలోనూ గడ్డ. అక్కడి న్యూరాలజిస్టు హెపారిన్ మొదలుపెడతామన్నారు.

నాలుగున్నరకి నాకు ఫోన్. హైదరాబాద్ నుంచి రైల్లో వస్తున్న భర్త. మనిషి వణికిపోతున్నాడు. "సార్, బుర్రలో రక్తం కారిందని సీటీలో రాసేరంట. మళ్ళీ రక్తం పలచనయ్యే ఇంజెక్షన్ ఇస్తామంటన్నారు. సంతకం ఎట్టమంటన్నారు మా మావని. వద్దనమంటారా?"

ఆ భయం అతనొక్కడిదే కాదు. డాక్టర్లలో కూడా మెదడులో రక్తం అనగానే హెపారిన్ మీద చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్ళున్నారు. అతను రైతు బిడ్డ, వంశధార కాలువ కింద వాళ్ళకి మడి ఉంది. నేను అడిగాను, "మీ మడిలో నీళ్ళు బయటికి పోయే తూము పూడిపోతే ఏమవుతుంది?"

"నీళ్ళు నిలబడిపోతాయి."

"ఇంకా పై నుంచి నీళ్ళు వస్తూనే ఉంటే?"

"గట్టు తెగిపోద్ది."

"మీ ఆవిడ తలలో తెగింది గట్టు. పూడింది తూము. గట్టు తెగింది కదా అని తూము అలాగే వదిలేస్తే?"

కాసేపు రైలు చప్పుడు మాత్రమే వినబడింది. "సంతకం ఎట్టమంటాను సార్" అన్నాడు.

సిరల్లో వెనక్కి తన్నిన ఒత్తిడికే ఆ రక్తం కారుతుంది, అందుకే సీవీటీలో రక్తపు మచ్చ ఉన్నా హెపారిన్ ఇస్తారు. ఎనాక్సాపారిన్ అనే రకం హెపారిన్, బరువుకి కిలోకి ఒక మిల్లీగ్రాము చొప్పున, రోజుకి రెండుసార్లు. ఈమె 48 కిలోలు. మొదటి ఫిట్ నుంచి మొదటి హెపారిన్ ఇంజెక్షన్ దాకా పదకొండు గంటలు పట్టింది. నా ఓపీ నుంచి లెక్కపెడితే రెండు రోజుల పైన.

తొమ్మిది రోజులు అక్కడున్నారు. మళ్ళీ ఫిట్స్ రాలేదు. నాలుగో రోజు తలనొప్పి సగానికి తగ్గింది. ఆ రోజు పడుకుని నిద్రపోయిందని తల్లి ఫోన్ చేసి చెప్పింది. ఈసారి ఏ అర్థంలో అన్నదో అడిగి మరీ తెలుసుకున్నాను, రెండు అర్థాల్లోనూ.

తర్వాత

సీవీటీలో సకాలంలో వైద్యం అందితే పదిమందిలో ఎనిమిదిమంది దాకా బాగా కోలుకుంటారు. ధమనుల పక్షవాతంలో ఇంత మంచి లెక్క మనకి దొరకదు. ఈమె ఆ ఎనిమిదిలో ఉంది. ఆరు వారాలకి ఎడమ చేత్తో బిడ్డని ఎత్తుకుంది. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి మాత్రం ఇంకో నెల పట్టింది.

ఇంటికొచ్చాక బాధ్యత నాది. రక్తం పలచబరిచే వార్ఫరిన్ మాత్రల మీద ఉంచారు, ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత పలచబడిందో చెప్పే లెక్క, రెండుకీ మూడుకీ మధ్య ఉండాలి. పల్లెటూళ్ళో దీన్ని నడిపించడం జబ్బుని గుర్తుపట్టడం కంటే కష్టమని చెప్పగలను. మొదట వారానికోసారి, తర్వాత పదిహేను రోజులకోసారి రక్తపరీక్ష. ఒకసారి 4.1కి వెళ్ళింది. కారణం వెతికితే మోకాళ్ళ నొప్పికని ఇంట్లో ఎవరికో ఇచ్చిన మాత్రలు ఈమె కూడా రెండ్రోజులు మింగింది. ఇంకోసారి 1.4కి పడిపోయింది. మునగాకు ఒంటికి మంచిదని ఎవరో చెబితే వారమంతా రోజూ వండారు. ఆకుకూర మానక్కర్లేదు, ఎప్పుడూ తినేంతే తినమని చెప్పాను. పాలివ్వచ్చా అని భయపడ్డారు. వార్ఫరిన్ తీసుకుంటూ పాలివ్వచ్చు. గడ్డలకి వాడే కొత్తరకం మాత్రలున్నాయి, వాటికి ఇలా నెల నెలా పరీక్షలు అక్కర్లేదు, కానీ పాలిచ్చే తల్లికి వాటిని రాయం.

కుటుంబ నియంత్రణ మాట నేనే ఎత్తాను, వాళ్ళు ఎత్తరు. మాలా-ఎన్ లాంటి మాత్రల్లో ఈస్ట్రోజన్ ఉంటుంది, అది గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. ఈమె ఆ మాత్రలు ఎప్పటికీ వేసుకోకూడదు. ఊళ్ళో ఆశా కార్యకర్తకి కూడా ఇది చెప్పాం, లేకపోతే ఆవిడ మంచి మనసుతో తెచ్చి ఇస్తుంది. వార్ఫరిన్ మీద ఉండగా గర్భం వస్తే పిండానికి ప్రమాదం, కాబట్టి కాపర్-టి వేయించారు. మళ్ళీ బిడ్డని కనొచ్చు, అప్పుడు మొదటి నుంచీ డాక్టర్ల చూపులో ఉండి హెపారిన్ ఇంజెక్షన్లు వేసుకోవాలి. రక్తం గడ్డకట్టే జన్యులోపాలేమైనా ఉన్నాయేమోనన్న పరీక్షలు వార్ఫరిన్ ఆపిన తర్వాత చేశాం, జబ్బు ముదిరి ఉన్నప్పుడు చేస్తే తప్పుడు జవాబులొస్తాయి. ఏమీ లేవు. హిమోగ్లోబిన్ నరంలోకి ఐరన్ ఎక్కించి 11.4కి తెచ్చాం.

ఒక విషయం మాత్రం పరీక్షల్లో లేదు. రెండో నెలలో తల్లి ఒంటరిగా వచ్చింది. చుట్టాల్లో ఎవరో 'నువ్వే కదా నీళ్ళు ఇయ్యకుండా పిల్లని ఇంత దాకా తెచ్చేవు' అన్నారట. ఆవిడ నా ముందు కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను అన్ని కారణాలూ ఒక్కొక్కటీ చెప్పాను, రక్తం తక్కువ, ఆపరేషన్, కాన్పు సహజంగా తెచ్చే మార్పు. నీళ్ళు వాటిలో ఒకటి మాత్రమే. రెండు గ్లాసుల మాట ఆవిడ సొంతంగా పుట్టించింది కాదు, ఆవిడ పురిటికి వాళ్ళమ్మ కూడా అంతే ఇచ్చింది. ఆ తర్వాత ఇంకోటి కూడా చెప్పాను. సోమవారం నువ్వు నాకు జబ్బు పేరు తప్ప అన్నీ చెప్పావు, నేను వినలేదు అన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు. డాక్టరు అలా అనకూడదన్నట్టు చూసింది.

మా ఓపీలో ఇప్పుడు బాలింత తలనొప్పి అంటే సిస్టరే ముందు అడుగుతుంది: ఒళ్ళు వాలిస్తే పెరుగుతోందా, లేచి కూర్చుంటే పెరుగుతోందా? పడుకోవడం అన్న మాట వాడొద్దని చెప్పాను. మొదటి ఆరు వారాల్లో కొత్త తలనొప్పితో వచ్చిన ప్రతి ఆవిడకీ బీపీ, కంటి నరం చూడకుండా పంపడం లేదు. దాని వల్ల మధ్యాహ్నం భోజనం మూడింటికి పడుతోంది, మా ఆవిడ గొణుగుతోంది. గోడ గడియారానికి వేరే బ్యాటరీలు కొన్నాం.

ఆరు నెలలకి స్కాన్‌లో సిరలు చాలావరకు తెరుచుకున్నాయి, న్యూరాలజిస్టు వార్ఫరిన్ ఆపమన్నారు. ఆ రోజు తల్లి రెండో కూతుర్ని కూడా వెంట తెచ్చింది. ఏడో నెల. "దీనికి పురుడయ్యాక రోజుకి ఎన్ని నీళ్ళు ఇమ్మంటారు బాబూ?" అంది. మూడు లీటర్ల దాకా తాగనివ్వమన్నాను. లీటర్లంటే ఆవిడకి అర్థం కాలేదు. సిస్టర్ లోపలికెళ్ళి కుండ దగ్గరి చెంబు తెచ్చి, సెలైన్ సీసాతో కొలిచి చూపించింది. మూడుంపావు చెంబులు. "నాలుగేద్దాం" అంది ఆవిడ.